పెద్దల చదువు, పని శిక్షణ: నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో తరచుగా అడిగే ప్రశ్నలు

ఈ ప్రశ్నలు అడిగేవాళ్లు మూడు రకాలు. బడి మొహం చూడనివాళ్లు, ఆరులోనో ఏడులోనో మానేసినవాళ్లు, తమ కాలనీలో రాత్రి బడి పెడదామనుకునే సంఘం లీడర్లు. ఎవరికి కావలసింది వాళ్లు వెతుక్కుని చదువుకోవచ్చు, వరసగా చదవనక్కర్లేదు.

నాకు యాభై దాటింది. ఇప్పుడు అక్షరాలు బుర్రకెక్కుతాయా?

ఎక్కుతాయి. ముందు కళ్లు చూపించుకోండి. నలభై దాటాక దగ్గరి చూపు తగ్గడం అందరికీ జరిగేదే. పొలంలో దూరం బాగా కనపడుతుంది కాబట్టి కళ్లకేం ఢోకా లేదనుకుంటారు. పలక మీద ‘ప’కీ ‘వ’కీ ఉన్న తేడా కనపడదు. అది కంటి లోపమని తెలియక, ‘నాకు చదువు రాదులే’ అని లేచి వెళ్లిపోతారు. సూదిలో దారం ఎక్కించడానికి ఇంట్లో పిల్లల్ని పిలుస్తున్నారా? బియ్యంలో రాళ్లు ఏరేటప్పుడు చేటను దూరం జరుపుతున్నారా? అయితే అద్దాలు కావాలి. నలభైల్లో ఉన్నవాళ్లకు సాధారణంగా ప్లస్ 1 నుంచి 1.5, యాభైల్లో ప్లస్ 2 దరిదాపుల్లో, అరవైలో ప్లస్ 2.5 పడుతుంది. రెండు కళ్లకూ ఒకే నంబరు ఉండాలని లేదు, శుక్లం కూడా ఉండవచ్చు. అందుకే రోడ్డు పక్కన కొనే ముందు ఒకసారి ప్రభుత్వాసుపత్రిలోనో కంటి శిబిరంలోనో పరీక్ష చేయించుకోండి. బడి పెట్టేవాళ్లు మొదటి వారంలోనే అందరికీ ఈ పని చేయిస్తే చాలామంది మధ్యలో మానేయడం ఆగుతుంది.

ఎంత కాలం పడుతుందంటే, కేంద్ర ప్రభుత్వ ఉల్లాస్ కార్యక్రమం చదవడం, రాయడం, లెక్కలకు కలిపి 200 గంటలు పెట్టింది. రోజుకు గంటన్నర, వారానికి 5 రోజులు అయితే 27 వారాలు. పండగలు, కోతలు, తుపాన్లు పోను ఎనిమిది తొమ్మిది నెలలు అనుకోండి. మూడు నెలల్లో నేర్పేస్తామన్న వాళ్లను నమ్మొద్దు.

రాత్రి బడి ఏ వేళకు, ఏ నెలల్లో పెట్టాలి?

అందరికీ ఒకే వేళ కుదరదు. అక్కడి పని ఎలా నడుస్తుందో చూసి వేళ పెట్టాలి. ఎక్కువ బడులు మూతబడేది ఇక్కడే.

కొండపి, టంగుటూరు వైపు పొగాకు గ్రేడింగుకి (ఆకును రకాలుగా వేరుచేసే పనికి) వెళ్లే ఆడవాళ్లు సాయంత్రం ఇంటికొచ్చి, వంట చేసి, పిల్లలకు పెట్టేసరికి ఎనిమిదవుతుంది. వాళ్లకు 8 నుంచి 9.30 దాకా బాగుంటుంది. గ్రేడింగు జోరుగా ఉన్న నెలల్లో పాఠం వారానికి మూడు రోజులకు తగ్గించండి కానీ పూర్తిగా ఆపొద్దు. నెల ఆగితే మళ్లీ మొదటికొస్తుంది. కావలి, అల్లూరు, విడవలూరు వైపు రొయ్యల షెడ్లలో తల వలిచే పనికి ఒక వేళ అంటూ ఉండదు. గుంటలో రొయ్యలు ఎప్పుడు పడితే అప్పుడు వ్యాను వస్తుంది. వాళ్లకు మధ్యాహ్నం ఒకటి, రాత్రి ఒకటి రెండు వేళలు పెట్టి, ఏది కుదిరితే దానికి రమ్మనాలి. పాఠం రెండింట్లో ఒకటే ఉండాలి. వరి పల్లెల్లో నాట్లు, కోతలు ఉన్న వారాలను ముందే లెక్కలోంచి తీసేయండి.

సముద్రం ఒడ్డు పట్టపుపాలేల్లో (మత్స్యకారుల పల్లెల్లో) ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. మగవాళ్లు ఊళ్లో ఉండే కాలం అదే. చదువైనా, ఇంజను మెకానిక్ శిక్షణైనా వాళ్లకు అప్పుడే పెట్టాలి. జూన్ చివర్లో బ్యాచ్ మొదలుపెట్టి ‘మత్స్యకారులు రావట్లేదు’ అని రాసుకోవడం అన్యాయం.

మార్కాపురం, కనిగిరి ప్రాంతాల నుంచి వలస వెళ్లేవాళ్ల విషయంలో, వాళ్లు వెళ్లే ఊరికీ పాఠం వెళ్లాలి. వాచకం, రెండు నోటు పుస్తకాలు ఇచ్చి, వారానికి రెండు సార్లు ఫోనులో చదివించి వినవచ్చు.

అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకు వానల కాలం. చెట్టు కిందో వీధి దీపం కిందో మొదలుపెడితే ఆ మూడు నెలలూ పోతాయి. కప్పున్న చోటు ముందే చూసుకోండి.

ఎంతమందికి ఒక బడి? ఏం సామాను కావాలి?

చెప్పేవాళ్లు ఒకరైతే నేర్చుకునేవాళ్లు 10, 12 మంది. పదిహేను దాటితే వెనక కూర్చున్నవాళ్ల చెయ్యి పట్టి దిద్దించడం కుదరదు. నాలుగడుగుల బోర్డు ఒకటి, మనిషికొక పలక, వెడల్పు గీతల నోటు పుస్తకాలు రెండు, లావుపాటి పెన్సిళ్లు. పార, కొడవలి పట్టిన చేతికి సన్న పెన్సిలు జారిపోతుంది, గట్టిగా నొక్కితే ముక్కు విరుగుతుంది. పలక మీద బలపం పట్టు కుదిరాకే పెన్సిలుకు వెళ్లాలి. 20 వాట్ల ఎల్‌ఈడీ ట్యూబులు రెండు, ఒకటి బోర్డు మీద పడేలా, ఇంకొకటి కూర్చున్నవాళ్ల ఎడమ భుజం వెనక నుంచి పడేలా. కరెంటు పోతే వెలిగే చార్జింగు లైటొకటి. కింద కూర్చోలేని వాళ్లకు రెండు మూడు కుర్చీలు. చంటిపిల్లలకు ఒక మూల చాప, నాలుగు బొమ్మలు, చూసుకోవడానికి ఎవరో ఒక పెద్దామె. ఈ చివరిది లేకపోతే తల్లులు రారు.

‘అ ఆ’లతోనే మొదలుపెట్టాలా?

వద్దు. యాభై ఆరు అక్షరాలు వరసగా దిద్దించి, ఆపైన గుణింతాలు, ఆపైన వత్తులు అంటే నాలుగో నెలకు గానీ ఒక మాట చదవలేరు. అంతదాకా పెద్దవాళ్లకు ఓపిక ఉండదు, ఉండాలనడమూ తగదు. మాటతో మొదలుపెట్టండి. గుణింతం, వత్తు లేని మాటలు మన భాషలో కావలసినన్ని ఉన్నాయి. వల, పడవ, పలక, నగ, కల, వరద, మడక. మొదటి రోజే ‘వల’ చదివి, రాసి ఇంటికి వెళ్లాలి. రెండో రోజు ‘కల’ చెబితే ‘ల’ మళ్లీ వస్తుంది. ఇలా పది పన్నెండు మాటల్లో పదిహేను అక్షరాలు వచ్చేస్తాయి.

ఒకేలా ఉండే అక్షరాలు వెంటవెంట చెప్పకండి. ‘మ’, ‘య’ ఒకే వారంలో చెబితే రెండూ కలిసిపోతాయి. ‘ప’, ‘ష’, ‘స’ కూడా అంతే. ‘పడవ’లో ‘ప’, ‘వ’ ఒకే మాటలో ఉన్నాయి కాబట్టి, ‘వ’ బాగా కుదిరాకే ఆ మాటకు వెళ్లాలి. గుణింతాల్లో ముందు దీర్ఘం, గుడి, కొమ్ము. ఈ మూడింటితో ‘కూలి’ అనడానికి కొమ్ము దీర్ఘం ఒక్కటే తక్కువ. ఏత్వం, ఓత్వం తర్వాత. ‘ఐ’, ‘ఔ’ గుణింతాలు అవసరం పడినప్పుడు చూసుకోవచ్చు.

వత్తుల దగ్గర అందరూ తడబడతారు. దానికి కారణం ఉంది. చాలా వత్తులు అక్షరం ఆకారంలోనే చిన్నగా ఉంటాయి, ‘గ’ వత్తు, ‘ద’ వత్తు, ‘ప’ వత్తు లాగా. త, న, మ, య, ర, ల వత్తులకు మాత్రం ఆకారమే వేరు. అత్త, అన్న, అమ్మ, అయ్య, చక్రం, పిల్ల. మనం రోజూ అనే మాటలన్నీ వీటిలోనే ఉన్నాయి. ఈ ఆరింటినీ విడిగా, వారానికి రెండు చొప్పున, ఇంటి మనుషుల పేర్లతో చెప్పండి. ‘అమ్మ’ అన్న మాట రాయడానికి ఆరు నెలలు పట్టింది అంటే తప్పు నేర్చుకునేవాళ్లది కాదు.

సంతకం దీనికి వేరు. ‘సుబ్బమ్మ’, ‘వెంకటేశ్వర్లు’ లాంటి పేర్లలో వత్తులు తప్పవు. కాబట్టి పేరును ముందు బొమ్మలా దిద్దించండి, రోజుకు పది సార్లు, పది రోజులు. సంతకం వచ్చిందని చదువు వచ్చినట్టు లెక్క రాసుకోకండి.

లెక్కలు ఎలా చెప్పాలి?

కూలి జనానికి నోటి లెక్క వచ్చు. రానిది కాగితం మీద లెక్క. అందుకే ఒకట్లు పదులతో కాకుండా వాళ్ల ఫోను నంబరుతో మొదలుపెట్టండి. 0 నుంచి 9 దాకా అంకెలన్నీ వారంలో వస్తాయి. ఆ తర్వాత బస్సు నంబరు, పాసు పుస్తకంలో నిల్వ, రేషను బియ్యం తూకం.

ఆ తర్వాతిది వాళ్ల పని లెక్క. రొయ్యల దగ్గర ‘కౌంటు’ అంటే కిలోకు ఎన్ని రొయ్యలని. 50 రొయ్యలు తూస్తే 600 గ్రాములు వచ్చాయనుకోండి. ఒక్కోటి 12 గ్రాములు. వెయ్యిని 12తో భాగిస్తే 83, అంటే 83 కౌంటు. దీంట్లో తూకం, భాగహారం, ధర మూడూ ఉన్నాయి. వలిచే షెడ్డులో కిలోకు ఇంతని ఇస్తారు కాబట్టి, ఎవరి చిట్టా వాళ్లు రాసుకోవడం నేర్పితే వారం చివర లెక్క వాళ్లే సరిచూసుకుంటారు. తాపీ పనివాళ్లకైతే సిమెంటు పాళ్లు. బస్తా 50 కిలోలు, కొలతలో సుమారు 35 లీటర్లు. ఒకటికి ఆరు అంటే ఆ 35 లీటర్ల డబ్బాతో ఇసుక ఆరు. పారలతో లెక్కపెడితే పాళ్లు తప్పుతాయి.

పాఠాల్లో ఏముండాలి?

బతుకుకి తగిలేది ఉండాలి. ఈ మాటకు మన జిల్లాయే సాక్ష్యం. 1990లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం మొదలైంది. రాత్రి బడుల్లో వాచకంలోని పాఠాలు చదివి సారా గురించి మాట్లాడుకున్న ఆడవాళ్లు దూబగుంటలో సారా అంగడిని మూయించారు. దూబగుంట రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది ఆ ఉద్యమంతోనే. అది ఊరూరా పాకి, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం వచ్చింది. పొదుపు ఉద్యమానికి బలం కూడా అలా కలిసిన ఆడవాళ్ల నుంచే వచ్చింది. ఆ ఆడవాళ్లను కదిలించింది ‘పడవ’, ‘పలక’ కాదు, తమ ఇంటి గొడవే పుస్తకంలో కనపడటం. కాబట్టి మూడో నెల నుంచి పాఠం మీరే రాసుకోండి. ఆరేడు వాక్యాలు, పెద్ద అక్షరాలు, మీ కాలనీ సంగతి. తాగునీళ్లు, కూలి రేటు, వడ్డీ, పట్టా. చదివాక పావుగంట మాట్లాడుకోనివ్వండి.

చెప్పడానికి ఎవరిని పెట్టాలి?

అదే కాలనీలో పదో, ఇంటరో చదివిన ఆడపిల్లను. దూరం నుంచి వచ్చే మాస్టారు ఎంత బాగా చెప్పినా వానొస్తే రారు. యానాది కాలనీకి, ఎస్సీ కాలనీకి బయటి వాళ్లను పెడితే, వాళ్లు కాలనీ లోపల కూర్చుని చెప్పేలా ఉండాలి. గుడి దగ్గరో ఊరి మధ్య బడిలోనో అంటే రావడానికి జంకే ఇళ్లు ఇంకా ఉన్నాయి. ఉల్లాస్ కింద చెప్పేవాళ్లు స్వచ్ఛందంగా చెప్పాల్సిందే, జీతం ఉండదు. సంఘం పొదుపులోంచి నెలకు ఎంతో కొంత ఇవ్వగలిగితే ఇవ్వండి. ఆ పిల్ల సాయంత్రాలు ఊరికే వచ్చినవి కావు.

మూడు వారాలయ్యేసరికి సగం మంది రావట్లేదు. ఎందుకు?

చూపు ఆనకపోవడం ఒకటి, పైన చెప్పాం. ఇంకొకటి సిగ్గు. మనవడి వయసు వాళ్లు అందరి ముందూ ‘తప్పు’ అనగానే మనిషి ముడుచుకుపోతుంది. పలక తీసుకుని పక్కన కూర్చుని దిద్దాలి, బోర్డు దగ్గరకు పిలవకూడదు. ‘పెద్దమ్మా’, ‘మామా’ అని పిలవాలి, పేరు పెట్టి హాజరు చదవకూడదు. మూడోది, మొదటి నెలలో చదువు ఎందుకూ పనికిరాకపోవడం. నాలుగో వారానికల్లా ఒక్క పనైనా కాగితంతో చేయించండి. బస్సు బోర్డు చదవడం, బ్యాంకులో డబ్బులు తీసే ఫారం నింపడం, ఏదైనా సరే. వరసగా మూడు రోజులు రానివాళ్ల ఇంటికి నాలుగో రోజు వెళ్లండి. పది రోజులు దాటాక వెళ్తే తిరిగి రారు.

మగవాళ్లను ఎలా రప్పించాలి?

అక్షరాలు నేర్పుతామంటే రారు. డ్రైవింగు, కరెంటు పని, మేస్త్రీ కొలతలు అంటే వస్తారు. అందులో చదువు కలపండి. లారీ, బస్సు లైసెన్సుకు ఎనిమిది పాసై ఉండాలన్న నిబంధనను 2019లో ఎత్తేశారు. ఈ సంగతి తెలియక ‘నాకు చదువు లేదు’ అని ఆగిపోయినవాళ్లు ఉన్నారు. హెవీకి వెళ్లే ముందు లైట్ వెహికల్ లైసెన్సు తీసుకుని ఏడాది నిండాలి.

ఉల్లాస్ పరీక్ష అంటే ఏమిటి?

15 ఏళ్లు దాటి, బడికి వెళ్లని వాళ్లకు పెట్టే పరీక్ష. చదవడం 50, రాయడం 50, లెక్కలు 50, మొత్తం 150 మార్కులు. ఒక్కో భాగంలో 33 శాతం రావాలి. ఒక దాంట్లో తప్పితే ఆ దాంట్లో మెరుగుపడి మళ్లీ రాయవచ్చు. ఆ పత్రంతో ఉద్యోగం రాదు. కానీ జీవితంలో మొదటిసారి పరీక్ష రాసి పాసైన మనిషికి ఓపెన్ స్కూలు ఫారం నింపడానికి చెయ్యి వణకదు.

ఇరవై ఏళ్ల కిందట ఏడుతో మానేశాను. పది రాయవచ్చా?

రాయవచ్చు. ఏపీ ఓపెన్ స్కూల్ సొసైటీలో పదికి 14 ఏళ్లు నిండితే చాలు, పై వయసు అడ్డు లేదు. అసలు బడికే వెళ్లకపోయినా, చదవడం రాయడం వచ్చని మీరే రాసిచ్చి, పుట్టిన తేదీకి ఆధారం పెట్టి చేరవచ్చు. 5 సబ్జెక్టులు, ఒక్కోదాంట్లో 35 మార్కులు రావాలి. అన్నీ ఒకేసారి పాసవక్కర్లేదు. చేరిన దగ్గర నుంచి అయిదేళ్ల లోపు ఒక్కొక్కటే రాసుకుంటూ పోవచ్చు. రెగ్యులర్ పది రాసి తప్పినవాళ్లు అప్పుడు పాసైన సబ్జెక్టుల్లో రెండింటి మార్కులు ఇక్కడికి మార్పించుకోవచ్చు, పాత మెమో దాచుకుని ఉంటే. ఆదివారాలు, సెలవు రోజుల్లో దగ్గరి ప్రభుత్వ హైస్కూల్లో తరగతులు జరుగుతాయి. ఫీజులో ఆడవాళ్లకు, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, దివ్యాంగులకు రాయితీ ఉంది.

మొదటి ఏడు తెలుగు, సోషల్ లాంటివి రెండు మూడు రాయండి. లెక్కలు, ఇంగ్లిషు రెండో ఏడుకు పెట్టుకోండి. అయిదూ ఒకేసారి పెట్టుకుని, అయిదూ తప్పి, పుస్తకాలు అటక మీద పడేసినవాళ్లే ఎక్కువ. ‘డబ్బులిస్తే పాస్ చేయిస్తాం’ అన్న మధ్యవర్తికి దూరంగా ఉండండి. ఉద్యోగానికి వెళ్లినప్పుడు సర్టిఫికెట్లు తనిఖీ చేస్తారు.

నా చదువుకీ వయసుకీ ఏ పని శిక్షణ సరిపోతుంది?

అసలు చదువు లేకపోయినా, కొద్దిగా చదివినా, 15 నుంచి 45 ఏళ్ల లోపు వాళ్లకు జన శిక్షణ సంస్థాన్. ఊరికి దగ్గర్లోనే బ్యాచ్ పెడతారు, కాబట్టి ఇల్లు వదలలేని ఆడవాళ్లకు ఇదే అనువు. సొంతంగా పని పెట్టుకోవాలనుకునే 18 నిండినవాళ్లకు బ్యాంకులు నడిపే గ్రామీణ స్వయం ఉపాధి శిక్షణ సంస్థలు. 1982లో కర్ణాటకలోని ఉజిరెలో మొదలైన రూడ్‌సెట్ పద్ధతి ఇది. ఒంగోల్లో రూడ్‌సెట్ ఉంది. భోజనం, వసతి ఉచితం. బ్యాచ్ కొద్ది రోజుల నుంచి నెలన్నర దాకా ఉంటుంది, అయ్యాక రెండేళ్లు వెంట ఉండి కనుక్కుంటారు. పాడి, మెకానిక్, సెల్‌ఫోను రిపేరు, సీసీ కెమెరాలు, బ్యూటీ పార్లరు లాంటివి.

జీతానికి వెళ్లాలనుకునే పల్లెటూరి పేద పిల్లలకు దీన్‌దయాళ్ ఉపాధ్యాయ గ్రామీణ కౌశల్య యోజన, మన రాష్ట్రంలో దీన్ని సీడాప్ అనే ప్రభుత్వ సంస్థ చూస్తుంది. 15 నుంచి 35 ఏళ్లు. ఆడవాళ్లకు, దివ్యాంగులకు, చెంచుల లాంటి ఆదిమ తెగలకు 45 దాకా. ఎనిమిది పాసైతే ఐటీఐలో వెల్డరు, ప్లంబరు, వైర్‌మన్ దారులు తెరుచుకుంటాయి.

చేతి పనివాళ్లకు 2023 సెప్టెంబరు 17న మొదలైన పీఎం విశ్వకర్మలో 18 వృత్తులు ఉన్నాయి. తాపీ మేస్త్రి, వడ్రంగి, కుమ్మరి, చాకలి, మంగలి, దర్జీతో పాటు పడవలు చేసేవాళ్లు, వలలు అల్లేవాళ్లు, బుట్టలు, చాపలు, చీపుర్లు కట్టేవాళ్లు కూడా. యానాది కాలనీల్లో వలలు, బుట్టలు అల్లే ఇళ్లు దీని పరిధిలోకి వస్తాయన్న సంగతి చాలామందికి తెలియదు. శిక్షణ రోజులకు రోజుకు 500 రూపాయలు, పనిముట్లకు 15,000 దాకా, ఆపైన 5 శాతం వడ్డీకి మొదట లక్ష, అది తీర్చాక 2 లక్షల అప్పు. ఇంటికి ఒక్కరే.

మా కాలనీలో అందరూ కుట్టు శిక్షణే అడుగుతున్నారు. పెట్టమంటారా?

ముందు లెక్క వేయండి. అరవై ఇళ్ల కాలనీలో ఇద్దరు దర్జీలకు మించి పని దొరకదు. ఇరవై మందికి నేర్పితే పద్దెనిమిది మిషన్లు మంచం కింద చేరతాయి. గార్మెంట్ ఫ్యాక్టరీ వ్యాను వచ్చే దూరంలో ఊరుంటే పవర్ మిషను మీద నేర్పాలి. కాళ్లతో తొక్కే మిషను మీద నేర్చుకున్న చేతికి పవర్ మిషను వేగం అదుపులోకి రావడానికి మళ్లీ వారాలు పడుతుంది.

ఊళ్లోనే కుడతామంటే, ఇరవై మందికి కనీసం 10 మిషన్లు. మొదటి వారం దారం లేకుండా గీతలు గీసిన కాగితం మీద కుట్టించండి, సూటిగా, వంకరగా, మూలలు తిప్పుతూ. తర్వాత దిండు గలీబులు, లంగాలు, పిల్లల గౌన్లు. జాకెట్టు చివర్న. జాకెట్టుతో మొదలుపెట్టి గుడ్డ పాడుచేసుకుని మానేసినవాళ్లు ఎందరో. సన్న గుడ్డకు 11వ నంబరు సూది, మామూలు నూలు గుడ్డకు 14, మందం గుడ్డకు 16. సూదిలో పొడవు గాడి ఉన్న వైపు నుంచే దారం లోపలికి రావాలి. తిప్పి పెడితే కుట్టు పడదు. కింద వైపు దారం ఉండలు కడితే అందరూ బాబిన్ విప్పుతారు. తప్పు సాధారణంగా పై దారం ఎక్కించడంలోనో పై బిగువులోనో ఉంటుంది.

కుట్టు కాకుండా ఇక్కడ దేనికి పని దొరుకుతుంది?

చేస్తున్న పనిలోనే పై మెట్టు చూడండి. కొత్త పని నేర్చుకోవడం కన్నా ఇది త్వరగా కూలి పెంచుతుంది. రొయ్యల గుంటల మీద కాపలా ఉండే యువకులకు నీళ్లు, మేత, రొయ్య తీరు ఇప్పటికే తెలుసు. రానివి రెండే, మీటరు చదవడం, రిజిస్టరు రాయడం. నీళ్ల ఉదజని సూచిక (పీహెచ్) 7.5 నుంచి 8.5 మధ్య ఉండాలి. నీళ్లలో కరిగిన ఆక్సిజను 4 పీపీఎంకు (లీటరుకు 4 మిల్లీగ్రాములకు) తగ్గకూడదు. తెల్లవారుజామునే అది బాగా పడిపోతుంది కాబట్టి కొలిచే వేళ అదే. చెక్ ట్రేలో (రొయ్యలు మేత ఎంత తిన్నాయో చూసే పళ్లెంలో) మేత రెండు గంటలకు ఎంత మిగిలిందో రాయాలి. నాలుగైదు వారాల రాత్రి బడిలో ఇది వస్తుంది. వచ్చిన కుర్రాడు కాపలా జీతం దగ్గర ఆగడు.

ఈ శిక్షణలో మొదటి పాఠం కరెంటు. తడి గట్ల మీద ఏరియేటర్ల (గుంట నీళ్లకు గాలి అందించే మిషన్ల) తీగల వల్ల ప్రాణాలు పోతున్నాయి. 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్చి), సరైన ఎర్తింగు, మెయిను ఆపకుండా నీళ్లలో దిగకపోవడం. ఇవి నేర్పకుండా మీటరు చేతికివ్వొద్దు.

చీమకుర్తి గ్రానైటు, మార్కాపురం పలకల పనికైతే దుమ్ము గురించే ముందు చెప్పాలి. రాతి దుమ్ము ఊపిరితిత్తుల్లో చేరితే మళ్లీ బయటికి రాదు. నీళ్లు పోస్తూ కోయాలి, ఎన్95 మాస్కు పెట్టుకోవాలి. మూతికి కట్టిన తువ్వాలు ఆ దుమ్మును ఆపలేదు.

ఏ కాగితాలు కావాలి? ఎక్కడ ఆగిపోతుంది?

ఆధార్, దానికి కలిపిన ఫోను నంబరు, బ్యాంకు ఖాతా, రేషన్ కార్డు, కుల ధ్రువీకరణ, చదివిన మేరకు టీసీ. ఆగేది పేరు దగ్గర. ఆధార్‌లో ఇంటిపేరు ముందు, బ్యాంకులో వెనక, టీసీలో అసలు లేదు. మూడూ పక్కన పెట్టి, టీసీలో ఉన్నట్టే ఆధార్‌ను మార్పించండి. ఆధార్‌లో పుట్టిన తేదీ ఒక్కసారే, పేరు రెండు సార్లే మార్చుకోవచ్చు. తొందరపడి మార్పించి, తర్వాత టీసీ దొరికితే చిక్కే. రెండు మూడు బ్యాంకుల్లో ఖాతాలుంటే, ఆధార్‌తో చివరగా కలిపిన ఖాతాలోకే ప్రభుత్వ డబ్బు పడుతుంది. ‘పడలేదు’ అనేవాళ్లలో చాలామందికి వేరే ఖాతాలో పడి ఉంటుంది. బడి వాళ్లే నెలకొకసారి అందరి కాగితాలు ఒక చోట చూసి, ఊళ్లోని సచివాలయానికి గుంపుగా వెళ్తే ఒకరోజు కూలితో పని అయిపోతుంది.

యజమాని దగ్గర అడ్వాన్సు తీసుకున్నాం. అది తీరేదాకా కదలొద్దంటున్నారు. శిక్షణకు ఎలా రావాలి?

అప్పు చూపించి మనిషిని కదలనివ్వకపోవడం 1976 వెట్టిచాకిరీ నిర్మూలన చట్టం ప్రకారం నేరం. ఆ అప్పే రద్దవుతుంది. ఆర్డీవోకో కలెక్టరుకో రాతపూర్వకంగా చెప్పాలి. విచారణ అయ్యాక విడుదల పత్రం ఇస్తారు, పునరావాస సాయానికి అదే ఆధారం. ఒంటరిగా వెళ్లకండి. యానాదుల కోసం నెల్లూరులో ఐటీడీఏ (గిరిజనాభివృద్ధి సంస్థ) ఉంది. జిల్లా న్యాయ సేవాధికార సంస్థలో ఎస్సీ, ఎస్టీలకు, ఆడవాళ్లకు ఉచితంగా లాయరును ఇస్తారు, ఫోను 15100.

శిక్షణ అయ్యాక అప్పు ఎక్కడ దొరుకుతుంది?

50,000 లోపు అయితే కేంద్ర ప్రభుత్వ ముద్ర పథకంలో శిశు రుణం, దానికి బ్యాంకు హామీ అడగకూడదు. పొదుపు సంఘంలో ఉంటే సంఘం పేరున బ్యాంకు ఇచ్చే లింకేజీ అప్పు, లేదా స్త్రీనిధి. పెద్ద యూనిట్‌కు పీఎంఈజీపీ అనే కేంద్ర ప్రభుత్వ సబ్సిడీ పథకం. పల్లెల్లో ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, ఆడవాళ్లు, దివ్యాంగులకు 35 శాతం సబ్సిడీ, చేతి సొమ్ము 5 శాతం. తయారీలో 10 లక్షలు, సేవల్లో 5 లక్షలు దాటితే ఎనిమిది పాసై ఉండాలి. ఓపెన్ చదువు అక్కడ అక్కరకొస్తుంది. బ్యాంకుకు వెళ్లేటప్పుడు సామాను కొటేషను, నెలకు ఖర్చెంత, రాబడెంత అని ఒక కాగితం మీద మీ చేత్తో రాసి పట్టుకెళ్లండి.

ఫోను నేర్పాలా?

తప్పకుండా, రెండో నెల నుంచే. మొదట ఒకే మాట. డబ్బు రావడానికి పిన్ను కొట్టనక్కర్లేదు, పిన్ను కొడితే డబ్బు పోతుంది. ఓటీపీ ఎవరికీ చెప్పకూడదు. డబ్బు పోయిందని తెలిసిన నిమిషంలోనే 1930కి ఫోను చేయాలి.

ఉద్యోగం ఇప్పిస్తామని డబ్బులు అడుగుతున్నారు. కట్టాలా?

వద్దు. పైన చెప్పిన ప్రభుత్వ శిక్షణలకూ, వాటి ద్వారా వచ్చే ఉద్యోగాలకూ డిపాజిట్ ఉండదు. ఒరిజినల్ సర్టిఫికెట్లు ఎవరి చేతిలోనూ పెట్టకండి, జిరాక్సులు చాలు.

శిక్షణ అయ్యాక మా కాలనీ యువతను ఫ్యాక్టరీకి పంపాం. నెల తిరక్కుండానే వచ్చేస్తున్నారు. ఏం చేయాలి?

పంపే ముందు చేయాల్సిన పని ఇది. చెప్పిన జీతం ఒకటి, చేతికొచ్చేది ఇంకొకటి కావడమే ఎక్కువ మందిని వెనక్కి తెస్తోంది. శిక్షణలోనే జీతం చీటీ చదవడం నేర్పండి. మూల వేతనం మీద 12 శాతం పీఎఫ్‌కు పోతుంది. జీతం 21,000 లోపు ఉంటే 0.75 శాతం ఈఎస్ఐకి. ఆపైన హాస్టలు, భోజనం, వ్యాను. ఇవన్నీ తీసేస్తే చేతికెంతో ముందే కాగితం మీద వేసి, పిల్లకూ తల్లిదండ్రులకూ చూపించండి. పీఎఫ్, ఈఎస్ఐ కోత పోగొట్టుకున్న డబ్బు కాదని కూడా చెప్పాలి. యజమాని కూడా అందులో కడతాడు, జబ్బు చేస్తే ఈఎస్ఐ వాళ్లు వైద్యం చేయిస్తారు. వారానికి 48 గంటలు దాటిన పనికి రెట్టింపు ఇవ్వాలని తెలిసి ఉండాలి.

చేరకముందు తల్లిదండ్రుల్లో ఇద్దరు ముగ్గురిని తీసుకెళ్లి హాస్టలు, మరుగుదొడ్లు, భోజనం చూపించండి. ఒక్కరిని పంపకండి, ఒకే ఊరి వాళ్లు ముగ్గురు కలిసి వెళ్లాలి. ఫ్యాక్టరీ తమిళనాడు సరిహద్దులో ఉంటే యాభై తమిళ మాటలు ముందే నేర్పండి. మొదటి నెల వారానికి రెండు సార్లు, తర్వాత రెండు నెలలు వారానికొకసారి ఫోను చేయండి. ‘బాగున్నావా’ అంటే ‘బాగున్నా’ అనే చెబుతారు. ‘నిన్న రాత్రి ఏం తిన్నావు? ఎన్ని గంటలకు పడుకున్నావు? జీతం చీటీ ఇచ్చారా?’ అని అడగండి. చీటీ ఫోటో తీసి పంపమనండి. తేడా ఉంటే మొదటి నెలలోనే మాట్లాడవచ్చు.